సరిహద్దు సందేహాలు: గంజాయి సంచి మోసిన కుర్రవాళ్లను వెలివేయవచ్చునా?

ప్రశ్న: మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లం. చదువు ముగించి పని దొరకక తిరుగుతున్న మా వీధి కుర్రవాళ్లు ఇద్దరు గంజాయి సంచులతో సాలూరు వైపు వెళ్తూ పట్టుబడ్డారు. 20 కిలోలు దాటకపోతే పెద్ద కేసు కాదని ఎవరో వారికి చెప్పారట. ఆ రెండు కుటుంబాలనూ ఇకపై శుభకార్యాలకు పిలవకూడదని పెద్దలు అంటున్నారు. ఇది సబబేనా? మిగతా పిల్లల సంగతేమిటి?
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ముందుగా ఆ 20 కిలోల మాట తేల్చుకుందాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్షకు తగ్గని జరిమానా పడతాయి. బెయిలు దొరకడం గగనమే. అయితే కిలో నుంచి 20 కిలోల మధ్య ఉన్నా పదేళ్ల వరకు శిక్ష, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. ‘పెద్ద కేసు కాదు’ అన్న ధైర్యం నూరిపోసేది సాధారణంగా సరుకు యజమానే; సరుకు పట్టుబడినా అతని పేరు బయటికి రాదు, జైలుకు పోయేది మోసినవాడు.

బలిమెల జలాశయం వల్ల మూడు వైపులా నీళ్లు కమ్మి, 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా బయటి ప్రపంచానికి దూరంగా ఉండిపోయిన మల్కాన్‌గిరి గ్రామాలను తలచుకుంటే గంజాయి పంట ఎలా వేళ్లూనుకుందో అర్థమవుతుంది. చోళ్లు, పసుపు సంతకు చేర్చడమే గండంగా ఉన్నచోట, పెట్టుబడి చేతికిచ్చి పంటను గుమ్మం దగ్గరే ఎత్తుకుపోయే వ్యాపారి ఆప్తుడిలా కనిపిస్తాడు. కొండ దిగిన సరుకును దాటించడానికి అతనికి ఒడియా, తెలుగు రెండూ వచ్చి, తనిఖీ దగ్గర తడబడకుండా జవాబు చెప్పగల కుర్రవాళ్లు కావాలి. మీ వీధి పిల్లలు అతని కంట పడింది అందుకే.

ఇక వెలి సంగతి. నా మటుకు నాకు అది తప్పనిపిస్తుంది. చుట్టాలు, స్నేహితులు తలుపులు మూసుకున్నాక బెయిలు మీద వచ్చిన కుర్రవాడిని పలకరించేది మళ్లీ ఆ వ్యాపారి మనిషే. వకీలు ఖర్చు తానే పెట్టుకుంటానని అప్పు తలకెత్తి, ఇంకో సంచి చేతికిస్తాడు. పెద్దలకు నిజంగా కోపముంటే, వీధిలోకి వచ్చి అడ్వాన్సు పంచిపోయిన ఆ మనిషి ఎవరో చెప్పమనండి. చాలామందికి తెలిసే ఉంటుంది. మాదకద్రవ్యాల సమాచారానికి జాతీయ నంబరు 1933 ఉంది. సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అధికారిని బలవంతపెట్టరాదని ఆ చట్టంలోని 68వ సెక్షన్ చెబుతోంది.

బండ్లు ఉన్నవారికి మరొక మాట: అరువిచ్చిన బండిలో గంజాయి దొరికితే, తమకు తెలియకుండానే జరిగిందనీ తగిన జాగ్రత్తలు తీసుకున్నామనీ యజమాని రుజువు చేసుకోలేకపోతే ఆ బండి జప్తు అవుతుంది. గంజాయికి అలవాటు పడ్డ పిల్లలుంటే 14446కు ఫోన్ చేయండి.

ఆ ఇద్దరి తల్లిదండ్రులను మాత్రం ఈ వారమే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకువెళ్లండి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.