ల్యాప్‌టాప్ కొనే ముందు ర్యామ్ సంగతి చూసుకో

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు చూసొచ్చిన ల్యాప్‌టాప్‌లో వేరే గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా "4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉంది" అని దుకాణంలో చెప్పారని రాశావు. ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ అంటూ ఉండదు, ఉన్న ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. వాళ్లు చెప్పిన 4 జీబీ, ఆ ల్యాప్‌టాప్‌లోని 8 జీబీ ర్యామ్‌లో అవసరం పడితే అది వాడుకోగల గరిష్ఠ పరిమితి మాత్రమే. మెషీన్ ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్ అనే ప్రోగ్రాము గ్రాఫిక్స్ కోసం ముందుగానే పక్కన పెట్టేసే భాగం వేరే ఉంటుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ మీద నొక్కితే "హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్" అన్న చోట అది కనిపిస్తుంది. కొన్ని మెషీన్లలో అది 2 జీబీ దాకా ఉంటుంది, అంటే 8 జీబీకి డబ్బు కట్టి ఆరింటితో సర్దుకోవాలన్నమాట.

అయితే నా దృష్టిలో అసలు చిక్కు పరిమాణంతో కాదు, వేగంతో. డీడీఆర్4 3200 రకం ర్యామ్ స్టిక్ (స్లాట్‌లో గుచ్చే ర్యామ్ పలక) ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా మాత్రమే నడుస్తుంది, దాన్నే ప్రాసెసరూ గ్రాఫిక్సూ పంచుకోవాలి. జీటీఎక్స్ 1650 లాంటి పాత, చిన్న డెస్క్‌టాప్ కార్డుకు సైతం తనకంటూ సెకనుకు 128 జీబీ వేగం ఉండేది. రెండో స్లాట్‌లో అదే రకం స్టిక్ వేస్తే డ్యుయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా నడిచి, ఆ 25.6 కాస్తా 51.2 అవుతుంది, ఆటల్లో తేడా కంటికి కనిపిస్తుంది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ అనే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్లలో ఒక్క స్టిక్కే ఉంటే విండోస్ దాన్ని ఉత్త "యూహెచ్‌డీ గ్రాఫిక్స్" అనే చూపిస్తుంది. పెట్టె మీద ఐరిస్ స్టిక్కర్ చూసి మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ప్రోగ్రాములు రాసుకోవడానికి, పాఠాల వీడియోలు చూడటానికి ఇవేవీ అడ్డం కావు. త్రీడీ డిజైన్, పెద్ద ఆటలు నీ పనిలో ఉంటే మాత్రం విడి కార్డున్న మెషీనే తీసుకో. లేదంటే ఆ డబ్బుతో 16 జీబీ ర్యామ్, రెండు ఎనిమిదులుగా వేయించుకో. కొనే ముందు ఖాళీ స్లాట్ ఉందో, ర్యామ్ బోర్డుకే అతికించేశారో అడుగు. అతికించినదైతే తరువాత పెంచే వీలుండదు కాబట్టి మొదట్లోనే 16 జీబీది ఎంచుకో. స్టిక్ బయట వేయిస్తే వారంటీ మాటేమిటో కూడా బిల్లు రాయకముందే తేల్చుకో.

ఇట్లు,
మామయ్య