సర్కారు బడి పిల్లలకేనా, ఇంటిల్లిపాదికీ పనికొస్తుందా?

‘పేద కుటుంబాలు బాగుపడాలంటే బడే కేంద్రం కావాలంటారు, మన ఊళ్ళలో అది జరిగే పనేనా?’ అని ఒకరు అడిగారు. జరిగే పనే. కాకపోతే స్మార్ట్ బోర్డుల వల్లో, గోడలకు రంగులేయడం వల్లో కాదు.

మాది పాకాల దగ్గర పల్లె. మా అక్క మామిడి సీజన్‌లో తోటల్లో కోతకు, గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోతుంది. మిగతా రోజుల్లో ఏది దొరికితే అది. 2020 జనవరిలో అమ్మ ఒడి పథకాన్ని మన చిత్తూరులోనే ప్రారంభించారు కదా, పిల్లల్ని బడికి పంపే తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 అని. వీధిలో అందరికీ పడ్డాయి, మా అక్కకు పడలేదు. గ్రామ సచివాలయంలో అడిగితే బ్యాంకుకు పొమ్మన్నారు. బ్యాంకులో మీ సేవకు పొమ్మన్నారు. మీ సేవలో సర్వర్ డౌన్. తిరిగిన ప్రతి రోజూ కూలి పోయినట్టే. పేదోళ్ళకు ఎంత పంచామో బోర్డులు రాయించుకునేవాళ్ళు, ఆ డబ్బు కోసం తిరిగి వాళ్ళు ఎంత కూలి పోగొట్టుకున్నారో కూడా పక్కన రాయించాలి.

చివరికి ఆ పని బడి వరండాలో అయింది. మా ఊరి ప్రైమరీ స్కూల్ హెడ్మాస్టరు శనివారాలు పిల్లల అన్నాలయ్యాక తల్లుల్ని కూర్చోబెట్టేవారు. పేరుకు తల్లిదండ్రుల కమిటీ మీటింగు, జరిగేదంతా కాగితాల పంచాయితీ. అక్క ఒక బట్టల షాపు కవర్లో అన్నీ కుక్కుకుని పోయింది. రేషన్ కార్డు, అట్ట ఊడిన పాస్‌బుక్కు, అంచులు విడిపోయిన లామినేషన్‌లో ఆధార్. “ఇట్లియ్యమ్మా” అని సారు వాటిని నేల మీద వరసగా పరిచారు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరుంది, బడి రికార్డులో అత్తింటిది. బడి రికార్డును ఆయనే సరిచేశారు. ఖాతాకు ఆధార్ లింకు లేదు. దానికి ఊళ్ళలో వేలిముద్ర మెషీన్‌తో బ్యాంకు పనులు చేసిపెట్టే బ్యాంకు మిత్రను బడికే పిలిపించారు.

అక్క మెషీన్ మీద వేలు పెడితే పడదు. మామిడి సొనకు కాలి కాలి వేళ్ళు నున్నగా అయిపోయాయి. కొంగుతో తుడిచి పెట్టింది, కొబ్బరినూనె రాసి పెట్టింది, చెయ్యి మార్చి పెట్టింది. “నా వేలు నాదే సార్, ఎవురి దగ్గరా అడుక్కోని తేలా” అనేసరికి వరండా అంతా నవ్వులు. ఆఖరికి ఎడమచేతి చిటికెన వేలు పడింది. తర్వాతి విడతకు దుడ్లు పడ్డాయి, 14,000. వెయ్యి రూపాయలు బడి మరుగుదొడ్ల కోసమని పట్టుకున్నారు, అది వేరే కథ. వచ్చిన దుడ్లతో అక్క కుదువ పెట్టిన కమ్మలు విడిపించుకుంది. అదే వరండాలో పరిచయమైన ఇంకో తల్లి మాట మీద పొదుపు సంఘంలో చేరి, లోన్ తీసి ఆవును కొనింది. ఇప్పుడు ఇల్లు నడిచేది పాల బిల్లు మీదే. మా మేనకోడలి మార్కులు మాత్రం నన్నడగొద్దు.

ఇదంతా బడిలోనే ఎందుకయిందంటే, సచివాలయానికి పోవాలంటే మా అక్క చీర మార్చుకుంటుంది. బడికి తోటలోంచి అట్లే పోతుంది. అంతే తేడా. మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడింది ఎవరు? రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళే. 1993లో రాష్ట్రమంతా సారా బంద్ అయింది. రోజంతా పనిచేసొచ్చిన ఆడవాళ్ళు ఒకచోట భయం లేకుండా కూర్చుంటే మాట ఎందాకైనా పోతుంది.

అందుకే 2022లో జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపినప్పుడు నాకు ఒళ్ళు మండింది. కిలోమీటరు లోపే కదా అన్నారు. పిల్లలకు కిలోమీటరే. కూలి నుంచి వచ్చి, పొయ్యి వెలిగించాల్సిన తల్లికి? మా ఊళ్ళో ఆ శనివారాలు అప్పుడే ఆగిపోయాయి. తర్వాత జీవో రద్దు చేశారు గానీ ఆ సారు ఎప్పుడో బదిలీ అయిపోయారు.

ఇక పేర్ల గోల. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. ఎంతమంది పిల్లలుంటే అందరికీ ఇస్తున్నారు, అది మంచిదే, కాదనను. మధ్యాహ్న భోజనానికి గోరుముద్ద పేరు పోయి డొక్కా సీతమ్మ గారి పేరు వచ్చింది. పేరు మారినా, వండిపెట్టే ఆడవాళ్ళకు మాత్రం నెలకు అదే 3,000. 2024 డిసెంబరులో రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్స్ మీటింగ్ పెట్టారు, ముగ్గుల పోటీలు, ఫొటోలు. సంతోషం. ఎప్పుడో ఒకసారి చేసే పండగ కన్నా వారానికొక గంట ఎక్కువ పనికొస్తుందని నా మొండి నమ్మకం.

అట్లని ఈ పని కూడా టీచర్ల నెత్తిన పెట్టమని కాదు. ఇప్పటికే వాళ్ళకు పాఠం కన్నా యాప్‌లో ఫొటోలు ఎక్కించే టెన్షనే ఎక్కువ. సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ అని ఒక ఉద్యోగే ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం ఆయన ల్యాప్‌టాప్ పట్టుకుని బడి వరండాలో కూర్చుంటే చాలు, కొత్తగా ఒక్క రూపాయి బడ్జెట్ అక్కర్లేదు. మా వైపు ఒకాయన్ని అడిగాను కూడా. అట్లాంటి జీవో ఏదీ రాలేదన్నా అన్నాడు.