విశాఖలో ఉండి అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్ల మీద సర్జన్‌గా పరిశోధన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: విశాఖలో జనరల్ సర్జరీ పీజీ రెండో ఏడాది. ముందుముందు ఛాతీ సర్జన్‌గా అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్ల మీద పరిశోధన చేయాలని ఉంది. ల్యాబు లేదు, గ్రాంటు లేదు, విదేశం వెళ్లే వీలు లేదు. ఇక్కడుండి కుదురుతుందా?

కుదురుతుంది. మొదలుపెట్టాల్సింది రిజిస్టరుతో. సర్జన్ ఒక్కరి దగ్గరే ఉండే సమాచారం ఒకటుంది: ఛాతీ తెరిచినప్పుడు ఏం కనిపించింది, ఏం తీశారు, ఏది తీయలేక వదిలేశారు, తర్వాతి 90 రోజుల్లో ఆ మనిషికి ఏమైంది. దీన్ని ఏళ్ల తరబడి ఒకే కొలతతో రాసిపెట్టుకున్నవాళ్లు ల్యాబువాళ్లను, పెద్ద సెంటర్లను కలిసి పనిచేద్దామని అడగగలుగుతారు. అది లేకుండా అడిగితే ఎవరూ పలకరు.

శిక్షణ సంగతి క్లుప్తంగా. ఎంఎస్ అయ్యాక సూపర్ స్పెషాలిటీ ప్రవేశపరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి మూడేళ్ల ఎంసీహెచ్. సర్జికల్ ఆంకాలజీ (క్యాన్సర్ సర్జరీ)లో చేరితే నోరు, రొమ్ము క్యాన్సర్లతోనే రోజులు గడుస్తాయి. సీటీవీఎస్ (గుండె, ఛాతీ సర్జరీ)లో చేరితే గుండె ఆపరేషన్లతో గడుస్తాయి. ఏ దారిలో వెళ్లినా తర్వాత ఒకటి రెండేళ్లు ఛాతీ క్యాన్సర్ల మీదే పనిచేసే చోట ఉండాలి. సీటు ఎంచుకునే ముందు అక్కడి సీనియర్లను రెండే అడగండి: ఏడాదికి ఎన్ని అన్నవాహిక ఆపరేషన్లు, ఎన్ని లోబెక్టమీలు (ఊపిరితిత్తిలో ఒక లోబును తీసే ఆపరేషన్లు) జరుగుతాయి, వాటిలో ట్రైనీ సొంత చేత్తో చేసేవి ఎన్ని. మన అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ టాటా మెమోరియల్ సెంటర్‌దే. 2012లో మొదలైన, దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌ను నడిపిస్తున్నదీ టాటా మెమోరియలే. ఆ గ్రిడ్‌ను ముందుండి నడిపిన డాక్టర్ సి.ఎస్. ప్రమేష్ కూడా ఛాతీ సర్జనే. ఇక్కడినుంచి పెద్ద ట్రయల్స్‌లోకి వెళ్లే ద్వారం అటువైపే ఉంది.

ఇక రిజిస్టరు. ముందు అన్నవాహిక. ఎండోస్కోపీ రిపోర్టులో 'మధ్యభాగంలో గడ్డ' అని ఉంటే పనికిరాదు. ముందుపళ్ల నుంచి గడ్డ పై అంచు ఎన్ని సెంటీమీటర్లు, కింది అంచు ఎన్ని, స్కోపు దాటిందా లేదా అన్నవి కావాలి. మింగడంలో ఇబ్బందిని 0 నుంచి 4 వరకు గ్రేడుగా రాయండి. ఆర్నెల్ల కిందటి బరువు, నేటి బరువు, రక్తంలో అల్బుమిన్ (పోషణ ఎలా ఉందో చెప్పే ప్రోటీన్) తప్పనిసరి. రేడియేషన్ ముగిసిన తేదీ, ఆపరేషన్ తేదీ విడివిడిగా ఉండాలి, మధ్యలో ఎన్ని వారాలన్నది తర్వాత లెక్కకట్టుకోవచ్చు. కుట్టు లీకైందా అన్న గడిలో 'అవును' అని రాస్తే సగమే రాసినట్టు. 2015లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న నిర్వచనాల ప్రకారం మందులతో, ఆహారం మార్పుతో సర్దుకుంటే మొదటి రకం, ట్యూబో స్టెంటో వేయాల్సివస్తే రెండో రకం, మళ్లీ ఓటీకి తీసుకెళ్తే మూడో రకం. ఈ మూడూ కలిపేస్తే రెండు హాస్పిటళ్ల లెక్కల్ని పోల్చడానికే వీల్లేదు.

తీసిన అన్నవాహిక ముక్క చుట్టూ ఉన్న అంచు విషయంలో చాలామంది దెబ్బతింటారు. అమెరికన్ పాథాలజీ పద్ధతిలో కోసిన అంచు మీదే గడ్డ కణాలుంటే పాజిటివ్. బ్రిటిష్ పద్ధతిలో 1 మి.మీ. లోపు ఉన్నా పాజిటివే. ఒకే స్పెసిమెన్ ఒక పద్ధతిలో శుభ్రం, ఇంకో పద్ధతిలో కాదు. ఎన్ని మి.మీ. దూరమో అంకె రాయమని పాథాలజీవాళ్లను అడగండి. అంకె ఉంటే ఏ పద్ధతిలోకైనా మార్చుకోవచ్చు.

ఊపిరితిత్తులకు వచ్చేసరికి ప్రాణమంతా నోడ్స్‌లో (లింఫ్ గ్రంథుల్లో) ఉంది. ఆపరేషన్ పూర్తిగా జరిగిందని చెప్పాలంటే కనీసం ఆరు నోడ్స్ ఉండాలి. అందులో మూడు మీడియాస్టినమ్ (రెండు ఊపిరితిత్తుల మధ్య భాగం) నుంచి రావాలి, కెరీనా (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) కింద ఉండే 7వ స్టేషన్ తప్పనిసరి. స్టేషన్ అంటే నోడ్స్ ఉండే చోటుకిచ్చిన నంబరు. అన్నీ ఒకే సీసాలో పడేసి పంపితే స్టేషను తెలియదు, ముక్కలైన ఒక నోడు మూడుగా లెక్కకొస్తుంది. స్టేషనుకో చిన్న సీసా, దాని మీద నంబరు. ఓటీ సిస్టర్‌కు జాబితా ముందే ఇచ్చేస్తే అదనంగా అయిదు నిమిషాల పని. ఆపరేషన్‌కు ముందు శ్వాస లెక్క కూడా చేత్తో వేసి రాయండి: రెండు ఊపిరితిత్తుల్లో కలిపి మొత్తం 19 సెగ్మెంట్లు (భాగాలు). ఎఫ్ఈవీ1 (బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) 1.8 లీటర్లున్న మనిషికి కుడి పై లోబు, అంటే 3 సెగ్మెంట్లు తీస్తే మిగిలేది 1.8 × 16/19, దాదాపు 1.5 లీటర్లు. ఆర్నెల్ల తర్వాత నిజంగా కొలిచి ఈ అంచనాతో పోల్చితే అదే ఒక థీసిస్. పాత టీబీ మచ్చలున్న ఊపిరితిత్తుల్లో ఈ లెక్క ఎంత తప్పుతుందో చూడటం మన దగ్గర మరీ అవసరం, ఎందుకంటే అన్ని సెగ్మెంట్లూ సమానంగా పనిచేస్తాయన్న ఊహ మీద ఆ సూత్రం నిలబడింది.

స్పెసిమెన్ పాడైతే ఎంత మంచి ప్రశ్నయినా పాడైపోతుంది. బఫర్ కలిపిన 10 శాతం ఫార్మాలిన్, కణజాలానికి పది రెట్లు. తీసిన గంటలోపు అందులో పడాలి, 6 గంటలకు తక్కువ కాకుండా 72 గంటలకు మించకుండా ఉండాలి. బఫర్ లేని ఫార్మాలిన్‌లో డీఎన్ఏ ముక్కలైపోతుంది, తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మందు ఎంచుకోవడానికి చేసే ఈజీఎఫ్ఆర్ జన్యు పరీక్ష తేలదు. శనివారం తీసిన స్పెసిమెన్ సోమవారం సెలవైతే మంగళవారం దాకా అలాగే ఉంటుంది. 72 గంటలు దాటేది అక్కడే. సీసా మీద తేదీతో పాటు గంట కూడా రాయండి. అన్నవాహికను బోర్డు మీద పిన్నులతో చాపకపోతే ముడుచుకుపోతుంది, అందుకే పై అంచు, కింది అంచుల దూరం ఓటీలోనే స్కేలు పెట్టి కొలవాలి.

అన్నిటికన్నా కష్టమైంది ఫాలోఅప్. విశాఖ కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్)కు శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, ఒడిశా నుంచి కూడా వస్తారు. ఆపరేషన్‌కు ముందే మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి: పేషెంటుది, ఇంట్లో ఇంకొకరిది, ఊళ్లో ఆశా కార్యకర్తది. పనికోసం చెన్నై, హైదరాబాద్ వలసపోయే కుటుంబాల్లో మొదటి రెండూ ఏడాదిలో మారిపోతాయి, మూడోది నిలుస్తుంది. మొదటి రెండేళ్లు మూణ్ణెల్లకోసారి, తర్వాత అయిదేళ్ల వరకు ఆర్నెల్లకోసారి, నెలలో ఒకే రోజున కూర్చుని ఫోన్లు చేయాలి. ఒడియా వచ్చినవాళ్లు ఒకరు పక్కనుంటే ఆ పేషెంట్లు జారిపోరు. దొరకనివాళ్లను బతికున్నట్టు రాయకూడదు. చివరిసారి మాట్లాడిన తేదీ రాసి అక్కడే ఆపాలి. పీజీలకున్న మూణ్ణెల్ల జిల్లా రెసిడెన్సీలో ఆ జిల్లా పేషెంట్ల ఇళ్లకు వెళ్లిరావడం కుదిరితే అంతకన్నా మంచి ఫాలోఅప్ ఉండదు.

ట్రయల్ చేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. ఒక్క లెక్క చూడండి. కుట్టు లీకు 15 శాతం నుంచి 10కి తగ్గిందని మామూలుగా అడిగే 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే అది బయటపడే అవకాశం) చూపించాలంటే ఒక్కోవైపు దాదాపు 680 మంది కావాలి. ఏడాదికి 40 ఆపరేషన్లు జరిగే యూనిట్‌కు అది 34 ఏళ్ల పని. అందుకే ఒంటరిగా ట్రయల్ వద్దు, గ్రిడ్‌లో ఉన్న సెంటర్లతో కలిసి చేయండి. మొదటి పేషెంటును చేర్చకముందే సీటీఆర్ఐలో (దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు, అంతకుముందే ఎథిక్స్ కమిటీ అనుమతి. పాత కేస్ షీట్లు చూడటానికి కూడా కమిటీ ఒప్పుకోవాలి.

లెక్కల్లో ఒక తప్పు పదేపదే కనిపిస్తుంది. 'ఆపరేషన్ తర్వాత కీమో తీసుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికారు' అంటారు. రెండో నెలలోనే చనిపోయినవాళ్లకు కీమో తీసుకునే అవకాశమే రాలేదు, వాళ్లంతా కీమో లేని గుంపులో పడ్డారు. మూడో నెల చివర బతికున్నవాళ్లతో మాత్రమే లెక్క మొదలుపెడితే ఈ మాయ పోతుంది. 30 రోజుల మరణాలకు బదులు 90 రోజులవి చెప్పండి. అన్నవాహిక ఆపరేషన్ తర్వాత నెల దాటాక పోయేవాళ్లు తక్కువేమీ కాదు.

ఏ ప్రశ్న వేయాలి? చదివిన ట్రయల్ మన పేషెంట్లకు ఎంత వర్తిస్తుందో చూస్తే ప్రశ్నలు అవే పుడతాయి. అన్నవాహిక క్యాన్సర్ మీద జరిగిన 2012 నాటి క్రాస్ ట్రయల్‌లో ఆపరేషన్‌కు ముందు వారానికోసారి అయిదు వారాలు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్, దాంతోపాటు 23 విడతల్లో 41.4 గ్రే రేడియేషన్. మొత్తం 366 మందిలో స్క్వామస్ రకం (లోపలి పొరలోని పలుచటి కణాల్లో పుట్టేది) 84 మందే. మన దగ్గర ఎక్కువగా ఉండేది ఆ రకమే. జపాన్‌లో 2024లో వచ్చిన ట్రయల్ స్క్వామస్‌లో మూడు మందుల కీమో బాగుందని చూపింది, అయితే పది కిలోలు తగ్గి, గంజి కూడా దిగని స్థితిలో వచ్చే మన పేషెంట్లు ఆ మూడు మందుల్ని తట్టుకుంటారా? రెండు నెలల ముందే జెజునాస్టమీ ట్యూబు (చిన్నపేగులోకి నేరుగా ఆహారం పంపే గొట్టం) పెడితే ఎందరు చివరిదాకా కీమో పూర్తిచేస్తారు? ఇలాంటివి ఇక్కడే తేలాలి. ఊపిరితిత్తుల్లోనూ అంతే. 2022లో జపాన్‌వాళ్లు 2 సెం.మీ. లోపు గడ్డలకు సెగ్మెంటెక్టమీ (లోబు మొత్తం కాక సెగ్మెంటు మాత్రమే తీయడం) చాలని 1,106 మందితో చూపించారు. పెద్ద గడ్డలతో, టీబీ అనుకుని మందులు వాడివాడి వచ్చేవాళ్లకు దాన్ని అంటగట్టకూడదు. మొదటి దగ్గు ఎప్పుడు, టీబీ మందులు ఎప్పుడు మొదలయ్యాయి, కఫంలో టీబీ తేలాకే మొదలయ్యాయా, సీటీ ఎప్పుడు, బయాప్సీ ఎప్పుడు: ఈ అయిదూ పెదవాల్తేరు చెస్ట్ హాస్పిటల్‌కు వచ్చేవాళ్లను అడిగితే ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. దీనికి ల్యాబు అక్కర్లేదు.

ఇంకొకటి, మన ప్రాంతానికే సొంతమైంది. చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ. ఆంధ్ర గ్రామాల్లో 10,169 మంది అంగిలి పరీక్షించిన అధ్యయనం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. ఓపికగా ఊరూరా తిరిగి లెక్కపెట్టడమే దాని బలం. ఓపీలో పెద్దావిడను 'పొగ తాగుతావా అమ్మా' అంటే లేదంటుంది, కేస్ షీట్‌లో పొగ అలవాటు లేదని పడుతుంది. 'చుట్ట కాలుస్తావా, అడ్డపొగా' అని విడిగా అడగండి, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు అని రాయండి, కట్టెల పొయ్యి సంగతీ అడగండి. ఈ మూడు గడులు లేని రిజిస్టరుతో మన ఆడవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి ఏం చెప్పినా అది తప్పుగానే ఉంటుంది.

మీ థీసిస్ అంశం ఇంకా ఖాయం కాకపోతే, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని మీ యూనిట్‌లో గత మూడేళ్ల అన్నవాహిక కేస్ షీట్లు రికార్డు రూము నుంచి తెప్పించి, పైన చెప్పిన గడుల్లో ఎన్ని నిండుతాయో ముందు చూడండి. ఖాళీగా మిగిలిన గడులేవో వాటితో కొత్త ప్రొఫార్మా ఒకే పేజీలో తయారుచేసి, వచ్చే ఆపరేషన్ నుంచే కేస్ షీట్‌కు జతపెట్టండి.