కాలు కుదిరింది, చూపు కుదరాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీదే, అందులోనూ దెబ్బ తగిలి తిరిగొచ్చిన ఒక క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ముందుకు విసిరే ఆటగాడు) మీదే ఉన్నాయి. అందుకని మిగతా ఆటల్ని వచ్చే నెలకి తోసేశాను. ఆ కుర్రాడి పేరు, టీమ్ పేరు మాత్రం తీసేశాను. ఇరవై ఏళ్ళవాడు, తెలుగు రాకపోయినా ఈ రోజుల్లో ఎవరో ఒకరు అనువాదం చేసి చూపిస్తారు, ఎందుకొచ్చిన గొడవ.

ప్రశ్న: సార్, మా అబ్బాయి చదివే యూనివర్సిటీ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్‌కి పోయిన సీజన్‌లో ఎడమ మోకాలి ఏసీఎల్ లిగమెంట్ (లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగింది. సర్జరీ జరిగి పది నెలలైంది. డాక్టర్లు ఆడొచ్చన్నారు, కోచ్ వంద శాతం ఫిట్ అంటున్నాడు. మీదకి ఎవరూ రాకపోతే బంతి గీత గీసినట్టు వేస్తున్నాడు. డిఫెన్స్ వాళ్ళు దగ్గరికొచ్చారంటే చాలు, వేరే మనిషైపోతున్నాడు. మూడు మ్యాచ్‌లుగా ఇదే వరస. కాలు ఇంకా నయం కాలేదా, లేక భయమా?

జవాబు: కాలు నయమయ్యే ఉంటుంది. భయమనే మాట నేను వాడను, భయపడేవాడు అసలు ఆ గుంపు మధ్యలో నిలబడడు. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి అతని ఎడమ పాదం చూడండి. కుడిచేత్తో విసిరేవాడికి అదే ముందు కాలు. స్నాప్, అంటే ఆట మొదలెట్టడానికి వెనక్కి అందించే బంతి, అందుకుంటాడు, రెండు మూడు అడుగులు వెనక్కి వేస్తాడు, ఎడమ పాదం ముందుకు చాపి నేలలో దిగ్గొట్టినట్టు నిలిపి, నడుము తిప్పి, అప్పుడు చెయ్యి విసురుతాడు. ఆ క్షణంలో ఒంటి బరువంతా ఆ మోకాలి మీదకే వస్తుంది. పైగా కాలు చాపి నిలిపాడు కాబట్టి ఎవరైనా దానిమీద పడితే లాక్కునే టైమ్ ఉండదు.

చుట్టూ ఖాళీ ఉంటే ఆ అడుగు పూర్తిగా వేస్తాడు. నూట ముప్ఫై కిలోల మనుషులు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ కాళ్ళ దగ్గర దొర్లుతుంటే మాత్రం వేయడు, తనకి తెలియకుండానే అడుగు కురచైపోతుంది, బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది, బంతి దాన్ని పట్టుకోవాల్సిన రిసీవర్ నెత్తిమీంచి పోతుంది. కామెంటరీ వాళ్ళు గురి తప్పిందంటారు. నిజానికి తప్పింది అడుగు.

రెండోది చూపు, నా దృష్టిలో అసలు సమస్య ఇదే. మంచి ఫామ్‌లో ఉన్న క్వార్టర్‌బ్యాక్ మీదకొచ్చేవాళ్ళని చూడడు. కళ్ళు దూరంగా రిసీవర్ల మీదా, అవతలి టీమ్ తరఫున వెనక కాపలా ఉన్న సేఫ్టీల మీదా ఉంటాయి, దగ్గరికొచ్చేవాళ్ళని ఒంటితోనే పసిగట్టి అరడుగు పక్కకి జరుగుతాడు. దెబ్బ తిన్నవాడు కళ్ళు దించి మీదకొచ్చేవాణ్ణి చూస్తాడు. అరసెకనే. కానీ స్నాప్ నుంచి బంతి చెయ్యి దాటడానికి ఉండేదే సుమారు రెండున్నర సెకన్లు, అందులో అరసెకను పోయాక మళ్ళీ తలెత్తేసరికి, ఖాళీగా నిలబడిన రిసీవర్ పక్కన ఇద్దరు చేరి ఉంటారు. ఇక బంతిని బయటికి విసిరేయడమో, పట్టుకుని కిందపడడమో తప్ప వేరే దారి ఉండదు.

డాక్టర్లు అబద్ధం చెప్పలేదు. తొడ కండరం బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉందా, ఒంటికాలి మీద ఎంత దూరం గెంతగలడు, ఇలాంటి పరీక్షలు పెట్టే పంపిస్తారు. మనసు సిద్ధంగా ఉందో లేదో చూడ్డానికి కూడా పన్నెండు ప్రశ్నల కొలమానం ఒకటి ఉంది. అయితే ఆ గదిలో ఎవరూ అతని మోకాలి మీద పడరు. ప్రాక్టీస్‌లోనూ అంతే. క్వార్టర్‌బ్యాక్‌కి వేరే రంగు జెర్సీ వేస్తారు, దాని అర్థం వీణ్ణి ఎవరూ ముట్టుకోకూడదని. అంటే ఈ పది నెలల్లో మీవాణ్ణి గట్టిగా గుద్దినవాడే లేడు. మొదటి గుద్దు నిండు స్టేడియంలోనే తగలాలి. అందుకని మూడు మ్యాచ్‌లకే తీర్పు చెప్పకండి. ఒకటి రెండు గట్టి దెబ్బలు తిని, ఏమీ కానట్టు లేచొచ్చిన తర్వాత ఎలా ఆడతాడో చూడండి. అప్పటికీ కళ్ళు కిందే ఉంటే అప్పుడు కంగారు పడదాం.

ప్రశ్న: కోచ్ మాటలు ఇప్పుడు హెల్మెట్‌లోనే వినిపిస్తాయి కదా, ఎవడు ఎటునుంచి వస్తున్నాడో చెవిలో చెప్పేస్తే పోలా?

జవాబు: పోదు. పెద్ద కాలేజీ టీమ్‌లకి 2024 నుంచి హెల్మెట్‌లో స్పీకర్ ఇచ్చిన మాట నిజమే, కానీ ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలెట్టడానికి ఉండే గడువు) 15 సెకన్లకి రాగానే అది ఆగిపోతుంది. తెలివైన డిఫెన్స్ బ్లిట్జ్ (అదనపు మనుషుల్ని క్వార్టర్‌బ్యాక్ మీదకి ఉరికించడం) ఎటునుంచన్నది ఆ తర్వాతే బయటపెడుతుంది. ఇక చూసుకోవాల్సింది అతనే.

ప్రశ్న: ఇంత పెద్ద దెబ్బల తర్వాత కాలేజీలో మళ్ళీ పైకొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక ఇవన్నీ ఓదార్పు మాటలేనా?

జవాబు: ఉన్నారు, ఒకడి విషయంలో నేనే బోర్లా పడ్డాను. మైకెల్ పెనిక్స్ జూనియర్. ఇండియానా యూనివర్సిటీలో నాలుగు సీజన్లు మొదలుపెట్టాడు, నాలుగూ దెబ్బతోనే ముగిశాయి. 2018లో కుడి మోకాలి ఏసీఎల్, 2019లో కాలర్ బోన్ రొమ్ముతో కలిసే కీలు, 2020లో మళ్ళీ అదే కుడి మోకాలి ఏసీఎల్, 2021లో భుజం. గమనించారా, అతను ఎడమచేతివాటం. అంటే కుడి కాలే ముందు కాలు. రెండుసార్లు తెగింది సరిగ్గా, విసిరేటప్పుడు దిగ్గొట్టాల్సిన కాలే. 2021 చివర్లో అతను ఇండియానా వదిలినప్పుడు ఇక ఇతని పని అయిపోయిందని నలుగురి ముందూ అన్నాను. ఆ నలుగురూ ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.

వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్ళాడు. అక్కడ కోచ్ కేలెన్ డిబోర్ 2019లో ఇండియానాలో అతని అఫెన్స్ నడిపిన మనిషే, కాబట్టి ప్లేలూ పిలుపులూ మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సిన పని లేదు. 2022లో 4,641 గజాలు, 2023లో 4,903 గజాలు విసిరాడు, ఆ రెండో ఏడు దేశంలో అందరికంటే ఎక్కువ. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓట్లలో రెండో స్థానం. ఇదంతా అతని గుండెధైర్యమే అనుకుంటే సగమే చూసినట్టు. ఆ ఏడాది దేశంలో ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కి (క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడేవాళ్ళు) ఇచ్చే జో మూర్ అవార్డు వాషింగ్టన్ లైన్‌కే వచ్చింది. ఎడమచేతివాటం క్వార్టర్‌బ్యాక్‌కి వీపు తిరిగి ఉండేది కుడివైపు, ఆ వైపు కాసింది రోజర్ రోసెన్‌గార్టెన్, తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కొత్తవాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో వెళ్ళాడు. ఎడమ చివర కాసిన ట్రాయ్ ఫౌటాను అయితే మొదటి రౌండ్‌లోనే. అలాంటివాళ్ళు ముందుంటే మోకాలి మీద నమ్మకం దానంతటదే పెరుగుతుంది.

ఇక అదే మనిషి ఏడు రోజుల తేడాలో ఎలా ఆడాడో చూడండి. 2024 జనవరి 1న సెమీఫైనల్లో టెక్సస్ మీద 38 పాసుల్లో 29 చేర్చి 430 గజాలు. జనవరి 8న ఫైనల్లో మిషిగన్ మీద 51లో 27 మాత్రమే, 255 గజాలు, రెండు ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళ చేతికి చిక్కిన పాసులు), 34-13తో ఓటమి. మిషిగన్ డిఫెన్స్ ముందు వరస రాత్రంతా పాకెట్‌ని, అంటే లైన్ అతని చుట్టూ కాచే చోటుని, నలిపేసింది, చివరికి కుంటుతూ ఆడాడు. కాలు మారలేదు, చెయ్యి మారలేదు, ముందున్న గోడ కదిలింది. ఆ ఒక్క రాత్రి చూసి ఎన్ఎఫ్ఎల్ టీమ్ అట్లాంటా ఫాల్కన్స్ వెనక్కి తగ్గలేదు, డ్రాఫ్ట్‌లో ఎనిమిదో నంబర్‌కే తీసుకున్నారు.

ప్రొఫెషనల్ లీగ్‌లోనూ చూడాలంటే ఎల్ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చదివిన క్వార్టర్‌బ్యాక్ జో బరో ఉన్నాడు. 2020 నవంబర్‌లో ఎడమ మోకాలు, అంటే అతనికీ ముందు కాలే. మరుసటి ఏడు లీగ్‌లో ఎక్కువసార్లు కిందపడింది అతనే, 51 సాక్‌లు (బంతి విసరకముందే కింద పడేయడం). అదే ఏడు 70.4 శాతం పాసులు చేర్చి లీగ్‌లో మొదటివాడూ అతనే. ఇలాంటి జంట లెక్క అరుదు, మీవాడి దగ్గర ఇది ఆశించకండి.

ప్రశ్న: మా తమ్ముడు హైస్కూల్ టీమ్‌లో ఆడతాడు, ఏసీఎల్ సర్జరీ అయ్యి ఆరు నెలలు. నొప్పి లేదు, పరిగెడుతున్నాడు, ఇప్పుడే ఆడతానని గొడవ. అప్పట్లో అలబామా క్వార్టర్‌బ్యాక్ ట్యువా టాగోవైలోవా నెలలోనే తిరిగొచ్చాడుగా అంటున్నాడు.

జవాబు: ట్యువాది వేరే కథ అని చెప్పండి. 2018 డిసెంబర్ 1న అతనికి దెబ్బ తగిలింది చీలమండకి, ఎముకల్ని పట్టి ఉంచే చిన్న సర్జరీ చేశారు, డిసెంబర్ 29కల్లా అలబామా తరఫున సెమీఫైనల్ ఆడాడు, 27 పాసుల్లో 24 చేర్చాడు కూడా. ఏసీఎల్‌లో తెగినదాని బదులు మీ ఒంట్లోంచే ఇంకో స్నాయువు తీసి అమరుస్తారు, అది లిగమెంట్‌లా మారడానికి నెలలు పడుతుంది. మధ్యలో కొన్నాళ్ళు అది పెట్టిన రోజుకంటే బలహీనంగా కూడా ఉంటుంది, ఆ దశలో నొప్పి ఉండదు కాబట్టే పిల్లలు మోసపోతారు. డెలావేర్, ఓస్లోలలో చేసి 2016లో వేసిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకూ ఆట ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్ళీ మోకాలు దెబ్బతినే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. ఆరు నెలలంటే ఇంకా మూడు నెలలు. ఈలోపు కుర్చీలో కూర్చుని విసిరినా చెయ్యి పాడవదు. తుది మాట మాత్రం సర్జన్‌దే, నాది కాదు, మీ తమ్ముడిది అసలే కాదు.

ప్రశ్న: మా క్వార్టర్‌బ్యాక్ రన్నింగ్ లెక్కల్లో మైనస్ 31 గజాలు అని చూపించారు. అంత ఘోరంగా పరిగెత్తాడా? నేను చూసినప్పుడు బాగానే పరిగెత్తాడే.

జవాబు: మీ కళ్ళు బాగానే ఉన్నాయి. కాలేజీ లెక్కల్లో సాక్ అయితే పోయిన గజాల్ని పరుగులోంచి తీసేస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో అవి టీమ్ పాసింగ్ లెక్కలోంచి పోతాయి. కాబట్టి కాలేజీ క్వార్టర్‌బ్యాక్ రన్నింగ్ అంకె చూసి కాలి గురించి ఏమీ తేల్చకండి. ఆ మైనస్‌లో కొంత లైన్ తప్పు, కొంత బంతిని వదలకుండా పట్టుకు కూర్చున్న అతని తప్పు, ఎవరిది ఎంతన్నది వీడియో మళ్ళీ చూస్తేగానీ తెలీదు.

ప్రశ్న: దెబ్బతో పోయిన సీజన్ తిరిగి వస్తుందా?

జవాబు: రావచ్చు. 2018లో వచ్చిన రూల్ ప్రకారం నాలుగు మ్యాచ్‌లు దాటకపోతే, కాలేజీలో ఆటగాడికి ఉండే నాలుగు సీజన్లలో ఆ ఏడు ఖర్చు కిందకి రాదు. దెబ్బ సీజన్ మొదటి సగంలోనే తగిలి, 30 శాతానికి మించి మ్యాచ్‌లు ఆడకపోతే వైద్య కారణాల మీద అడిగే దారీ ఉంది. పెనిక్స్ ఆరు సీజన్లు ఎలా ఆడాడనుకున్నారు? 2018లో మూడే మ్యాచ్‌లు ఆడాడు కాబట్టి అది లెక్కలోకి రాలేదు, 2020ని కోవిడ్ వల్ల అందరికీ వదిలేశారు.

ప్రశ్న: అతను కిందపడ్డ ప్రతిసారీ మా ఆవిడ కళ్ళు మూసుకుంటుంది సార్. ఏమైనా ధైర్యం చెప్పండి.

జవాబు: పడేటప్పుడు మూసుకోమనండి, తప్పులేదు. లేచేటప్పుడు మాత్రం తెరవమనండి. మొదట్లో వీళ్ళు సర్జరీ అయిన కాలు పక్కకి పెట్టి, చెయ్యి నేలకి ఆనించి, మంచి కాలి మీద లేస్తారు. ఏదో ఒక మ్యాచ్‌లో, బహుశా రెండో క్వార్టర్‌లో, గడ్డి దులుపుకుంటూ ఆ ఎడమ కాలి మీదే గబుక్కున లేచి వెంటనే సైడ్‌లైన్ వైపు చూస్తాడు, తర్వాతి ప్లే ఏంటని.