లైసెన్సు లేకుండా చేసిన పనికి డబ్బు రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటున్నాం. నాకు టైల్స్, ప్లంబింగ్ పని బాగా వచ్చు. శని, ఆదివారాల్లో తెలిసినవాళ్ల ఇళ్లలో చేసిపెడుతుంటాను. కాంట్రాక్టర్ లైసెన్సు లేదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. ఈమధ్య ఒక స్నేహితుడి ఇంట్లో రెండు బాత్రూమ్‌లు 28 వేల డాలర్లకు నోటిమాట మీద ఒప్పుకుని, ఒక కుర్రాణ్ని సాయం పెట్టుకుని పూర్తిచేశాను. 22 వేలు ఇచ్చాడు. మిగతా 6 వేలు అడిగితే ‘నీకు లైసెన్సే లేదుగా’ అంటున్నాడు. చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లనా?

జవాబు: వెళ్లకండి. ఆ 6 వేల సంగతి తరవాత, ముందు చేతికొచ్చిన 22 వేలు నిలబడతాయా అన్నది చూసుకోవాలి.

కాలిఫోర్నియా బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లో 7031 అనే సెక్షన్ ఉంది. లైసెన్సు కావలసిన పనిని అది లేకుండా చేసినవాడు డబ్బు కోసం కోర్టుకెక్కలేడు. పైగా ఇంటి యజమాని తానిచ్చిన సొమ్మంతా వెనక్కి ఇమ్మని దావా వేయొచ్చు. టైల్స్‌కీ, పైపులకీ మీరు పెట్టిన ఖర్చు కూడా మినహాయించరు. పని బాగుందా లేదా అని ఎవరూ చూడరు. ‘లైసెన్సు లేదని తెలిసే పని ఇచ్చాడు కదా’ అంటారేమో, ఆ వాదన చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1991లో హైడ్రోటెక్ కేసులోనే చెప్పేసింది. అన్యాయంగా లేదూ? ఉంది. కోర్టుకూ తెలుసు, అయినా చట్టం ఉద్దేశం అదే అంది. ఇప్పుడు లైసెన్సు తెచ్చుకున్నా లాభం లేదు, పని జరిగినన్నాళ్లూ ఉండాలి.

సొమ్ము వెనక్కి అడగడానికి అతడికి పని ముగిశాక ఏడాది గడువుందని అక్కడి అప్పీలు కోర్టు 2020లో తేల్చింది. అందాకా వాట్సాప్‌లో వాదనలు పెట్టుకోకండి. కోపంలో రాసిన ప్రతి ముక్కా అతడికి సాక్ష్యమే.

లైసెన్సు లేకుండా ఇలా పని చేయడం నేరం కూడా. మొదటిసారి రుజువైతే 6 నెలల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ కుర్రాడికి వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా (పనిలో దెబ్బ తగిలితే ఆదుకునేది) చేయించకపోతే అది వేరే నేరం. అతడు నిచ్చెన మీంచి పడలేదు, అదృష్టవంతులు.

చిన్న పనులకు మినహాయింపు ఉంది. 2025 జనవరి నుంచి సామాను, కూలి కలిపి 1,000 డాలర్లకు లోపు ఉండాలి, అంతకుముందు అది 500. పర్మిట్ అక్కర్లేని పనై ఉండాలి, సాయానికి మనిషిని పెట్టుకోకూడదు. పెద్ద పనిని ముక్కలు చేసి ఒక్కో బిల్లు 900కి రాసే తెలివి చట్టం దగ్గర పారదు.

నా మాట వింటే, 6 వేలు వదులుకుంటానని మీరు, ఇచ్చింది అడగనని అతడు ఒక రాజీ కాగితం రాసుకోండి. దాన్ని అక్కడి లాయరు చేతే రాయించండి. ఈ పని వదలలేనంటే, లైసెన్సున్న కాంట్రాక్టర్ దగ్గర జీతానికి చేరండి. సొంతంగా లైసెన్సు కావాలంటే ఆ వృత్తిలో 4 ఏళ్ల అనుభవం, పరీక్ష, 25,000 డాలర్ల బాండు (పూచీ పత్రం) అడుగుతారు.

ఒకటి మాత్రం మీరు రాయలేదు: ఏ వీసా మీద ఉన్నారు? హెచ్‌1బీ అయితే ఈ వారాంతపు సంపాదనే అనధికార ఉద్యోగం కిందికి వస్తుంది. లాయరుకు ముందుగా చెప్పాల్సింది అదే.