అడుగు స్వరం కదలకూడదు: ఒక యువ స్వరకర్తకు లేఖ

వడపళని, చెన్నై.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ అనలాగ్ సింథసైజర్ (విద్యుత్ సంకేతాలతో ధ్వని పుట్టించే కీబోర్డు యంత్రం) మీద వాయించి పంపిన బేస్ రికార్డింగులను, అంటే పాట అడుగున నడిచే మంద్ర స్వరాలను, స్పీకర్లలోను, హెడ్‌ఫోన్లలోను, చివరికి ఫోన్‌లోను విన్నాను. ఒంటరిగా వాయిస్తే నిండుగా ఉన్న స్వరం కిక్ డ్రమ్ పక్కన చేరగానే పలచబడుతోందని నువ్వు రాసినది నిజమే. నిండుదనం హార్మోనిక్స్ (మూల స్వరానికి గుణిజాలుగా పైన మోగే స్వరాలు) వల్ల వస్తుంది, దెబ్బలా తగిలే పంచ్ స్వరం మొదలైన తొలి క్షణాల్లో పుడుతుంది, ఈ రెండింటికీ ఆధారంగా అడుగున ఒక స్వరం కదలకుండా నిలబడి ఉండాలి. నీ అమరికలు చూస్తే ఆ అడుగు స్వరమే కదిలిపోతున్నదని తెలుస్తోంది.

తరంగాన్ని పుట్టించే రెండు ఆసిలేటర్లనూ ఒకే స్థాయిలో (ఆక్టేవ్‌లో) రంపపు పళ్ళ ఆకారపు సా వేవ్ మీద ఉంచి, నిండుదనం కోసం ఒకదానిని పది సెంట్లు (అర్ధస్వరంలో వందో వంతు ఒక సెంటు) పక్కకు జరిపానని రాశావు. 440 హెర్ట్జ్ దగ్గర పది సెంట్లంటే దాదాపు రెండున్నర హెర్ట్జ్ తేడా. ఆ తేడా వల్ల సెకనుకు రెండు మూడు సార్లు ధ్వని పెరిగి తగ్గే విస్పందనాలు చెవికి హాయిగానే ఉంటాయి. అవే పది సెంట్లు 55 హెర్ట్జ్ దగ్గర హెర్ట్జ్‌లో మూడో వంతు కూడా కావు. కాబట్టి రెండు తరంగాలు ఒకదానికొకటి తోడై, ఆ తరువాత ఒకదానినొకటి రద్దు చేసుకొని, మళ్ళీ తోడు కావడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఆ వ్యవధిలో కిక్ ఆరు సార్లు మోగుతుంది. ఒక దెబ్బ దగ్గర బేస్ గది నిండా ఉంటుంది, మరో దెబ్బ దగ్గర ప్రాథమిక స్వరమే దాదాపు వినబడదు. దీనిని ఈక్వలైజర్‌తో సరిచేయడానికి ఎంత కాలం వెచ్చించినా లాభం లేదు, ఎందుకంటే లేని స్వరాన్ని పెంచలేం.

1982లో వచ్చిన రోలాండ్ ఎస్‌హెచ్-101 సింథసైజర్‌లో ఉన్నది ఒక్కటే ఆసిలేటర్. అయినా దాని బేస్‌ను ఇప్పటికీ వెతుక్కుంటూ వెళ్తారు. దానిలోని సబ్-ఆసిలేటర్ స్వతంత్రమైనది కాదు. ప్రధాన ఆసిలేటర్ పౌనఃపున్యాన్ని రెండుతోనో నాలుగుతోనో భాగించి, ఒకటి లేదా రెండు స్థాయిల కింద స్వరాన్ని తీస్తుంది. కాబట్టి ఆ రెండింటి మధ్య శ్రుతి తేడా రావడానికి అవకాశమే లేదు. నీ యంత్రంలో సబ్ లేదు గనుక ఇలా చేసి చూడు: ఒక ఆసిలేటర్‌ను కింది స్థాయిలో చదరపు ఆకారపు స్క్వేర్ వేవ్ మీద ఒంటరిగా ఉంచి, రెండవదానిని ఒక స్థాయి పైన సా వేవ్ మీద పెట్టు. స్క్వేర్ వేవ్‌లో బేసి హార్మోనిక్స్ మాత్రమే ఉంటాయి. 55 హెర్ట్జ్ స్క్వేర్‌లో 55, 165, 275 ఉంటే, 110 హెర్ట్జ్ సా వేవ్‌లో 110, 220, 330 ఉంటాయి. ఒకటి ఖాళీగా వదిలిన చోట్లను మరొకటి నింపుతుంది, ఎక్కడా ఢీకొనవు. పై ఆసిలేటర్‌ను కొద్దిగా జరిపినా కింది స్వరానికి హాని జరగదు. నా దృష్టిలో బేస్ విషయంలో అన్నిటికంటే ముందు నేర్చుకోవలసినది ఇదే.

పై పౌనఃపున్యాలను కోసే ఫిల్టర్ సంగతి చెబుతాను. 1970 నాటి మినీమూగ్ సింథసైజర్ బేస్ అంత గొప్పగా ఉండడానికి దాని మూడు ఆసిలేటర్లే కారణమని చాలామంది అనుకుంటారు. నేను అంతకంటే ఆసిలేటర్లను కలిపే మిక్సర్‌కూ ఫిల్టర్‌కూ ఎక్కువ మార్కులు వేస్తాను. మిక్సర్ నాబ్‌లను పైకి తిప్పే కొద్దీ ఫిల్టర్ లోపలికి వెళ్ళే సంకేతం దాని హద్దును దాటి, అంచులు మెత్తగా నలిగి, కొత్త హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి. బయటికి వచ్చే ధ్వనినే మళ్ళీ ఎక్స్‌టర్నల్ ఇన్‌పుట్‌లోకి పంపి ఆ ఒత్తిడిని పెంచే పద్ధతి ఆ యంత్రంతో పనిచేసినవారికి బాగా తెలుసు. 2012లో వచ్చిన ఆర్టూరియా మినీబ్రూట్ సింథసైజర్‌లో అదే పద్ధతిని బ్రూట్ ఫ్యాక్టర్ అనే నాబ్‌గా పెట్టారు. దీనిని చిటికెడు వాడితే చాలు, ఎక్కువైతే ధ్వని చిరిగిపోయి అడుగు మాయమవుతుంది. ఫిల్టర్ కోసే చోట ధ్వనిని పైకెత్తే రెజొనెన్స్‌ను నువ్వు సగం దాటించావు. రాబర్ట్ మూగ్ రూపొందించిన ల్యాడర్ ఫిల్టర్లో రెజొనెన్స్ పెరిగే కొద్దీ కింది పౌనఃపున్యాలు తగ్గిపోతాయి, నీ యంత్రంలోని ఫిల్టర్ కూడా ఆ కుటుంబానికి చెందినదే. దానిని పావు వంతుకు దించు. రెజొనెన్స్ కీచుదనమే అందంగా ఉండే రోలాండ్ టీబీ-303 బేస్ సింథసైజర్ తరహా ధ్వని నీకు కావాలంటే, అప్పుడు బరువును డ్రమ్‌కు అప్పగించి, బేస్‌ను పాములా మెలికలు తిరగనివ్వు. రెండూ ఒకే స్వరం నుండి ఆశించవద్దు.

పంచ్ కోసం, స్వరం కాలంతో ఎలా పెరిగి తగ్గాలో నిర్ణయించే ఎన్వలప్ దగ్గరికి రావాలి. ఎటాక్‌ను (పైకి లేచే సమయం) సున్నాకు దించు, ఫిల్టర్ డికేను (ఆపై తగ్గే సమయం) 150 నుండి 300 మిల్లీసెకన్ల మధ్య ఉంచు, ఫిల్టర్ సస్టెయిన్‌ను (కీ నొక్కి ఉంచినంతసేపు నిలిచే మట్టం) తక్కువగాను, వాల్యూమ్ సస్టెయిన్‌ను ఎక్కువగాను పెట్టు. డికేను ఇంకా తగ్గిస్తే పదును పెరుగుతుందన్న ఆశతో నువ్వు 20 మిల్లీసెకన్లకు తెచ్చావు. 55 హెర్ట్జ్ తరంగం ఒక్కసారి పూర్తికావడానికే 18 మిల్లీసెకన్లు పడుతుంది. ఫిల్టర్ ఒక్క తరంగం పూర్తయ్యేసరికే మూసుకుపోతే చెవికి టిక్కుమనే చప్పుడు తప్ప స్వరం అందదు. ఇంకొక సంగతి నీ వేళ్ళలో ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న చేతికి ఒక స్వరం నుండి మరో స్వరానికి తెగకుండా సాగడం అలవాటు. మినీమూగ్ తరహా యంత్రాలలో మొదటి కీ వదలకుండా రెండవది నొక్కితే శ్రుతి మారుతుంది గాని ఎన్వలప్ మళ్ళీ మొదలుకాదు. పైగా మినీమూగ్‌లో ఎప్పుడూ కింది కీకే ప్రాధాన్యం ఉంటుంది గనుక, కింది కీ వదలకుండా పైది నొక్కితే ఏమీ మారదు. నీ రెండవ రికార్డింగులో మూడవ స్వరం నుండి పంచ్ పోవడానికి కారణం ఇదే. పంచ్ కావలసిన ప్రతి స్వరానికీ ముందు వేలు పూర్తిగా ఎత్తు, జారుడు కావలసిన చోట మాత్రమే కలుపు. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ కలపాలో నిర్ణయించడంలోనే బేస్ రచన సగం ఉంది.

నీ గది గురించి కూడా మాట్లాడాలి. సాలిగ్రామంలో నువ్వు అద్దెకు తీసుకున్న గది వెడల్పు పది అడుగులన్నావు. అంత దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య దాదాపు 57 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలిచిపోతుంది. గోడ పక్కన అది ఉబ్బుతుంది, గది నడుమ దాదాపు వినబడదు. నీ పాటలోని 55 హెర్ట్జ్ స్వరం దాని పక్కనే ఉంది. గది మధ్యలో కుర్చీ వేసుకొని, ఆ స్వరం చాలడం లేదని పెంచుతూ పోయావు. కుర్చీని నడుమ నుండి జరిపి, ఒకసారి గోడ దాకా నడిచి విని, హెడ్‌ఫోన్లతో పోల్చి చూశాకే నాబ్ ముట్టుకో.

దానికి తోడు కరెంటు నుండి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే హమ్ ఒకటి ఉంది. మన దేశంలో కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్, దానికి పక్కనే 49 హెర్ట్జ్ దగ్గర పాశ్చాత్య ‘జి’ స్వరం ఉంది. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్ళలో ఆ హమ్ బేస్ వెచ్చదనంలా భ్రమ కలిగిస్తుంది, ‘జి’ వాయించినప్పుడు సెకనుకు ఒకసారి ఊగుతుంది. ఏమీ వాయించకుండా ఫేడర్ పైకెత్తి వింటే తెలిసిపోతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపినప్పుడు హమ్ తగ్గితే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ తీగలు చుట్టుగా కలిసిన దారి. దానికి మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (ఆ చుట్టును తెంచి సంకేతాన్ని మాత్రం పంపే పెట్టె) కొను. చవక ఐసొలేటర్లలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు హమ్‌తో పాటు నీ బేస్‌ను కూడా తినేస్తాయి. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు, అది ప్రాణాలతో చెలగాటం.

ఏసీ వేయగానే శ్రుతి తప్పుతోందని అడిగావు. అనలాగ్ ఆసిలేటర్లోని ట్రాన్సిస్టర్ల నడత ఉష్ణోగ్రతతో మారుతుంది, దానిని సరిచేసే ఏర్పాటు లోపల ఉన్నా పూర్తిగా సరిపోదు. గది చల్లబడి నిలకడకు వచ్చాక, యంత్రం అరగంట వేడెక్కాక, శ్రుతి చూసుకొని రికార్డు చేయి.

ఫోన్‌లో బేస్ వినబడడం లేదన్న దిగులు కూడా నీకుంది. ఫోన్ స్పీకర్ 55 హెర్ట్జ్‌ను పలకలేదు. కానీ 165, 220, 275 వంటి హార్మోనిక్స్ అందితే, వాటి మధ్య దూరాన్ని బట్టి చెవి అడుగు స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. తంబూర తీగ కింద జీవా (దారపు పోగు) సరిగ్గా అమరినప్పుడు మంద్రం ఎంత స్పష్టంగా వినిపిస్తుందో గుర్తు చేసుకో. మిక్సర్ ఒత్తిడితో పుట్టించిన హార్మోనిక్స్ ఇక్కడ నీకు అక్కరకు వస్తాయి, అడుగు స్వరాన్ని ఎన్ని డెసిబెల్స్ పెంచినా ఆ ఫలితం రాదు.

ఈసారి కోరస్, రివర్బ్, కంప్రెసర్ ఏవీ లేకుండా, మోనోలో, కిక్‌తో ఒకసారి, కిక్ లేకుండా ఒకసారి అదే వరుసను రికార్డు చేసి పంపు. ప్రతి నాబ్ ఎక్కడుందో కనిపించేలా ఫొటో కూడా జత చేయి.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి