కలిసి గడపడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం. భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగాలు చేస్తూ బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 1,73,000 రూపాయలు వస్తే, ఇంటి రుణం వాయిదాకే 52,000 పోతుంది. శని, ఆదివారాల్లో మాల్, సినిమా, హోటళ్ళకు నెలకు 22,000 దాకా అవుతున్నా తీరిగ్గా మాట్లాడుకున్నది లేదు. పైగా ఈసారి బిల్లు ఎవరు కట్టాలన్న పేచీ ఒకటి. ఐదో పెళ్ళిరోజుకు 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని విదేశానికి వెళ్దామని నా శ్రీమతి కోరిక. తీసుకోవచ్చా?

జవాబు: యాత్రకు తప్పక వెళ్ళండి, అప్పుతో మాత్రం వద్దు. 14 శాతం వడ్డీకి మూడేళ్ళ గడువుతో 3 లక్షలు తీసుకుంటే నెలకు సుమారు 10,250 చొప్పున మొత్తం 3,69,000 రూపాయలు కట్టవలసి వస్తుంది. వారం రోజుల ముచ్చటకు మూడేళ్ళ వాయిదాలు! ఇంటి రుణంతో కలిపితే మీ రాబడిలో మూడో వంతుకు పైగా వాయిదాలకే పోతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ 22,000. ఏడాదికి 2,64,000 రూపాయలు, అంటే దాదాపు మీ యాత్ర ఖరీదు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్కులోనూ చీకటి హాల్లో మాటల్లేకుండా పక్కపక్కన కూర్చోవడంలోనూ కరిగిపోతోంది. ఆ 22,000లో నెలనెలా 12,000 ఇద్దరి పేరిట రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 6.5 శాతం వడ్డీ దొరికితే రెండేళ్ళలో చేతికి 3 లక్షలు దాటి వస్తుంది. పెళ్ళిరోజు యాత్ర ఐదోదానికి బదులు ఏడోదానికి అవుతుంది. ఈ మాట మీ శ్రీమతికి తీర్పులా వినిపించకుండా, ఏ దేశం వెళ్ళాలో ఆవిడనే నిర్ణయించమనండి.

మిగిలిన 10,000 కోసం ఒక ఉమ్మడి ఖాతా తెరిచి, జీతాల నిష్పత్తిలో ఇద్దరూ నెల మొదట్లోనే జమ చేయండి. బయట ఖర్చంతా అందులోంచే పెడితే బిల్లు పేచీ ఉండదు. ఈ నగరంలో ఆ సొమ్ము తక్కువేమీ కాదు. పొద్దున్నే లాల్‌బాగ్‌లో గంటసేపు నడిచి, దగ్గరలో ఇడ్లీ తిని వస్తే ఎంతవుతుంది? జనవరి, ఆగస్టు నెలల్లో అక్కడే పుష్ప ప్రదర్శన ఉంటుంది. జేపీ నగర్‌లో 2004లో మొదలైన రంగశంకరలో నాటకం చూస్తే, తిరుగుదారిలో వాదించుకోవడానికి కథైనా మిగులుతుంది. కార్తిక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుసెనగ జాతర. వేరుసెనగ పండే జిల్లా నుంచి వచ్చినవారికి నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఊరికి వెళ్ళేటప్పుడు కోడికొండ దగ్గర మళ్ళితే లేపాక్షి. వారంలో ఒక రాత్రి ఆన్‌లైన్ ఆర్డర్ మాని ఇద్దరూ వంటగదిలో నిలబడడం వీటన్నిటికంటే చవక.

నెలకొకసారి అరగంట లెక్కలకు కూడా కలిసి కూర్చోండి, కానీ షికారు వెళ్ళే రోజున వద్దు. ఒకరు ఆడిటరు, మరొకరు సంజాయిషీ చెప్పుకునేవారు అయిన ఇళ్ళు నేను చాలా చూశాను. కాబట్టి ఒక నెల మీరు, మరో నెల ఆవిడ లెక్క చదవండి. మొదటిసారి కూర్చున్నప్పుడు ఖర్చుల జోలికి పోకుండా, పెళ్ళికి ముందు పీఎఫ్‌లో, బ్యాంకుల్లో, బీమా పాలసీల్లో రాయించిన నామినీ పేర్లు మార్చారో లేదో ఇద్దరూ సరిచూసుకోండి.